నాన్న పాత ఐప్యాడ్ బ్యాకప్ లాప్‌టాప్‌లో ఉంది, అన్నీ వచ్చాయి గానీ పాస్‌వర్డ్‌లు రాలేదు, తీసే దారేమైనా ఉందా?

పాలకొల్లు_కుర్రోడు

అందరికీ నమస్తే, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా నాన్న రిటైర్డ్ లెక్కల మాస్టారు. 2018లో కొన్న ఐప్యాడ్ ఉండేది, ఆరో జనరేషన్, హోమ్ బటన్ ఉండే రకం. పోయిన నెల మంచం మీద నుంచి జారి గచ్చు మీద పడి గ్లాసు మొత్తం సాలెగూడు అయిపోయింది, టచ్ అస్సలు తీసుకోవట్లేదు. ఎలాగూ పాతబడింది కదా అని నేను కొత్త ఐప్యాడ్ కొనిచ్చా. అదృష్టం ఏంటంటే జనవరిలో సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నా విండోస్ లాప్‌టాప్‌లో ఐట్యూన్స్ పెట్టి పాతదాన్ని బ్యాకప్ తీసి ఉంచా, 38 జీబీ. కొత్తదానికి రీస్టోర్ కొడితే ఫొటోలు వచ్చాయి, నోట్స్ వచ్చాయి, యాప్‌లు ఏ వరసలో ఉండేవో ఆ వరసలోనే వచ్చాయి, నాన్న కూడా ఖుషీ. సాయంత్రం కరెంటు బిల్లు కడదామని సఫారీ తెరిచాడు, పాస్‌వర్డ్ దానంతట అది పడలేదు. పాస్‌వర్డ్స్ యాప్ తెరిస్తే ఖాళీ, ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ కూడా మళ్లీ అడిగింది.

నాన్నని అడిగితే "నేనెప్పుడు కొట్టానురా, వేలు పెడితే అదే పడేది" అంటాడు. ఒకప్పుడు డైరీలో రాసుకునేవాడు, ఆ డైరీ రెండేళ్ల కిందట పాత పేపర్లతో పాటు మా అమ్మ కిలోల్లెక్కన అమ్మేసింది, ఆ గొడవ ఇంట్లో ఇంకా నడుస్తోంది.

నెట్‌లో వెతికి బ్యాకప్‌లోంచి పాస్‌వర్డ్‌లు తీస్తామనే సాఫ్ట్‌వేర్ ఒకటి దింపా. ఫ్రీ స్కాన్‌లో 71 పాస్‌వర్డ్‌లు ఉన్నాయని చూపించింది, అన్నిటికీ చుక్కలు, చూడాలంటే 3,500 కట్టమంటోంది. కట్టెయ్యనా? లేక ఆ బ్యాకప్ ఫోల్డర్లో ఫైల్ ఏదైనా ఓపెన్ చేస్తే కనపడతాయా?

తాళంచెవి

ఆగండి, డబ్బులు కట్టకండి.

ముందు ఒకటి చెప్పండి, జనవరిలో బ్యాకప్ తీసేటప్పుడు "ఎన్‌క్రిప్ట్ లోకల్ బ్యాకప్" అని ఒక టిక్ ఉంటుంది, అంటే బ్యాకప్‌కి పాస్‌వర్డ్ పెట్టి లాక్ చేయడం, అది పెట్టారా లేదా? గుర్తులేకపోతే ఐట్యూన్స్‌లో ఎడిట్, ప్రిఫరెన్సెస్, డివైసెస్‌లోకి వెళ్తే బ్యాకప్‌ల లిస్టు వస్తుంది, పేరు పక్కన తాళం బొమ్మ ఉంటే ఎన్‌క్రిప్ట్ అయినట్టు, లేకపోతే కానట్టు.

మీరు చెప్పిన లక్షణాలు చూస్తే టిక్ పెట్టలేదనే అనిపిస్తోంది. చాలామందికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది, లాక్ లేని బ్యాకప్ అయితేనే అన్నీ సులువుగా రావాలి కదా అని. కానీ యాపిల్ వాళ్ల పద్ధతి వేరు. మామూలు బ్యాకప్‌లో కూడా కీచైన్ వెళ్తుంది, అంటే పాస్‌వర్డ్‌లు, వైఫై కీలు అన్నీ ఆ 38 జీబీలో ఉన్నాయి. కాకపోతే వాటిని ఆ ఐప్యాడ్ చిప్‌లో ఫ్యాక్టరీలోనే పడేసిన ఒక కీ ఆధారంగా లాక్ చేసి పంపిస్తుంది. ఆ కీ చిప్ దాటి బయటికి రాదు, యాపిల్ దగ్గర కూడా కాపీ ఉండదు. ఇల్లు మారినప్పుడు బీరువా లారీ ఎక్కి వచ్చేసింది, తాళంచెవి మాత్రం పాత ఇంటి గోడలో సిమెంటు వేసి పూడ్చి ఉంది, అదీ మీ పరిస్థితి. టిక్ పెట్టి బ్యాకప్ పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే మాత్రం చిప్ కీ బదులు ఆ పాస్‌వర్డ్‌తో లాక్ చేస్తుంది, అప్పుడు ఏ ఐప్యాడ్‌లో రీస్టోర్ చేసినా వస్తాయి.

ఆ సాఫ్ట్‌వేర్ 71 అని చూపించింది కదా, అది అబద్ధం కాకపోవచ్చు. కీచైన్ ఫైల్‌లో ఎన్ని ఎంట్రీలు ఉన్నాయో లెక్కపెట్టొచ్చు, లోపల ఏముందో చదవలేరు. చుక్కల వెనక వాళ్ల దగ్గర కూడా ఏమీ లేదు.

అమీర్‌పేట్_క్లిక్

బ్రో ఇన్‌బాక్స్‌కి రండి. ఫోల్డర్ జిప్ చేసి డ్రైవ్ లింక్ పంపండి చాలు, గంటలో తీసిస్తా, 2000 ఓన్లీ. చాలామందికి చేశా.

నిద్రపట్టదు

పైన ఉన్న పెద్దమనిషికి ఎవరూ ఏమీ పంపకండి దయచేసి. ఎన్‌క్రిప్ట్ కాని బ్యాకప్ అంటే పాస్‌వర్డ్‌లు తప్ప మిగతా దాదాపు అన్నిటికీ తలుపులు బార్లా తెరిచి ఉన్నట్టే, మెసేజులు, ఫొటోలు, కాంటాక్ట్‌లు, మీ నాన్నగారు ఆధార్ పాన్ ఫొటో తీసుకుని ఉంటే అవీ. ఫోల్డర్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు చూడొచ్చు. తీసిస్తానన్నవి తీయలేడు, మిగతావి మాత్రం హాయిగా తీసుకుంటాడు.

పాలకొల్లు_కుర్రోడు

చూశా, తాళం బొమ్మ లేదు. టిక్ పెట్టలేదు, పెట్టాలని కూడా తెలీదు. పాస్‌వర్డ్‌లని యాపిల్ సర్వర్ మీదుగా మన వేరే డివైస్‌లకి కూడా పంపే ఐక్లౌడ్ కీచైన్ ఆన్‌లో ఉందేమో అని కూడా చూశా, లేదు. 5 జీబీ నిండిపోయింది నిండిపోయింది అని రోజూ మెసేజ్ వస్తుంటే విసుగొచ్చి అప్పట్లో నేనే ఐక్లౌడ్‌లో అన్నీ ఆఫ్ చేసిపడేశా, దాంతోపాటు అదీ పోయింది.

ఇంకో పెద్ద తప్పు ఇప్పుడు చెప్తున్నా, తిట్టకండి. పాత ఐప్యాడ్ మా దగ్గర లేదు. గ్లాసు పగిలినదాన్ని ఏం చేసుకుంటాం అని ఊళ్లో సెల్ షాపులో 2,000కి ఇచ్చేశాం. వాళ్లు ఫోన్ చేసి ఫైండ్ మై (పోయిన ఐప్యాడ్‌ని వెతికే, వేరేవాళ్లు వాడకుండా లాక్ చేసే సెట్టింగ్) తీసెయ్యమంటే నేనే ఆన్‌లైన్‌లో తీసేశా కూడా.

అత్తిలి_ఆడపడుచు

తమ్ముడూ అసలు ఆ పాస్‌వర్డ్‌లు నిజంగా కావాలా? ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్ అయితే ఆధార్ ఓటీపీతో కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, రెండు నిమిషాల పని. బ్యాంకుది ఏటీఎం కార్డు ఉంటే చాలావరకు ఇంట్లోనే అవుతుంది, లేదంటే బ్రాంచికి ఒకసారి వెళ్లాలి. రైలు టికెట్లది, కరెంటు బిల్లుది, గ్యాస్‌ది అన్నీ ఫోన్ నంబరుకి ఓటీపీ వచ్చేవే. మా మామయ్యగారికి ఇలాగే అయితే ఒక ఆదివారం కూర్చుని పన్నెండు అకౌంట్లు రీసెట్ చేశాం, మధ్యలో రెండుసార్లు టీ. బ్యాకప్ తవ్వడం కంటే అది సుళువు.

పాలకొల్లు_కుర్రోడు

అక్కా మీరు చెప్పినట్టే మొదలుపెట్టా, నిన్న తొమ్మిది అయిపోయాయి. ఒక్కటి మాత్రం కదలట్లేదు. నాన్నకి ఇరవై ఏళ్ల నాటి ఒక మెయిల్ ఐడీ ఉంది, ఆయన మ్యూచువల్ ఫండ్ స్టేట్‌మెంట్లు, ఎల్ఐసీ కాగితాలు, స్టూడెంట్స్ రాసిన ఉత్తరాలు అన్నీ అందులోనే. దానికి రికవరీ నంబరు ఎప్పుడో వదిలేసిన పాత సిమ్, రికవరీ మెయిల్ అసలు ఇవ్వలేదు. సెక్యూరిటీ ప్రశ్న "మీ మొదటి స్కూలు ఏది" అని ఉంది, నాన్న చదువుకున్న స్కూలు కొట్టాం, పనిచేసిన స్కూలు కొట్టాం, రెండూ కాదంది, ఇక ఎక్కువ కొడితే లాక్ చేస్తుందేమో అని ఆపేశాం. ఫండ్ వాళ్ల దగ్గర మెయిల్ మార్చుకోవచ్చు, అది తెలుసు. ఆ ఉత్తరాల కోసమే నాన్న దిగులు.

హనుమకొండ_సోల్డర్

నేను రిపేర్ పని చేస్త, ఒక మాట చెప్త వినున్రి. ఆరో జనరేషన్ల గ్లాసు వేరు, లోపటి డిస్‌ప్లే వేరు, రెండు అతికించి ఉండయి. గ్లాసు పగిలితే గ్లాసు ఒక్కటే మారుస్తరు, పెద్ద ఖర్చు గాదు. బోర్డు మంచిగుంటే మీ తాళంచెవి అందులనే ఉన్నది. ఇయ్యాలనే పోయి ఆ షాపు ఆయన్ని పట్టుకోన్రి, ఇచ్చిన పైసలు వాపస్ ఇచ్చి తెచ్చుకోన్రి. స్పేర్ పార్టుల కింద ఇప్పిండంటే మాత్రం కథ ఒడిసినట్టే.

గ్లాసు మార్చేటప్పుడు హోమ్ బటన్ పాతదే తీసి పెట్టమని చెప్పున్రి, అది బోర్డుతోని జతపడి ఉంటది, వేరేది పెడితే వేలిముద్ర పనిచెయ్యది. పాస్‌కోడ్ షాపోళ్లకి చెప్పకున్రి, గ్లాసు మార్చనీకి దాంతోని పనే లేదు.

పాలకొల్లు_కుర్రోడు

అన్నా మీ మాట విని మా బాబాయిని పంపించా. ఐప్యాడ్ ఉంది. కానీ వాళ్లు ఆల్రెడీ కొత్త గ్లాసు వేసేసి, మొత్తం రీసెట్ కొట్టేసి, అమ్మకానికి అద్దాల బీరువాలో పెట్టారంట. "హలో" స్క్రీన్ వస్తోంది, లోపల ఏమీ లేదు. మళ్లీ కావాలంటే 5,500 అంటున్నారు. ఖాళీ ఐప్యాడ్ తెచ్చుకుని ఏం లాభం, పాస్‌వర్డ్‌లు రీసెట్‌తో పోయాయి కదా. ఇక వదిలేస్తున్నా, హెల్ప్ చేసిన అందరికీ థాంక్స్.

తాళంచెవి

వదిలెయ్యకండి!! తెచ్చేసుకోండి వెంటనే, ఇంకెవరికైనా అమ్మేలోపు.

రీసెట్ కొడితే ఐప్యాడ్‌లో ఉన్న డేటా పోతుంది, అది నిజమే, దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. కానీ నేను పైన చెప్పిన చిప్ కీ రీసెట్‌తో మారదు, అది సిలికాన్‌లో ఉన్నది, ఎన్నిసార్లు ఎరేజ్ చేసినా అదే. మీ పాస్‌వర్డ్‌లు ఎక్కడున్నాయి? లాప్‌టాప్‌లో జనవరి బ్యాకప్‌లో. వాటిని విప్పే కీ ఎక్కడుంది? షాపు బీరువాలో. ఆ రెండిటినీ కలిపితే చాలు. లాక్ లేని బ్యాకప్‌ని ఏ ఐప్యాడ్ నుంచి తీశారో అదే ఐప్యాడ్‌లోకి రీస్టోర్ చేస్తే కీచైన్ కూడా వస్తుంది.

కానీ ప్లగ్ పెట్టేముందు ఇది చదవండి, ఇక్కడే చాలామంది కొంప ముంచుకుంటారు. ఐట్యూన్స్ ఒక్కో డివైస్‌కి ఒక్కో ఫోల్డర్ పెట్టుకుంటుంది, ఆ ఫోల్డర్ పేరే డివైస్ ఐడీ. మీ పాత ఐప్యాడ్‌ది 40 అక్షరాల పొడుగు పేరు, కొత్తదానిది పొట్టిగా మధ్యలో ఒక గీతతో ఉంటుంది, చూడగానే తెలిసిపోతుంది. ఇప్పుడు ఆ ఖాళీ ఐప్యాడ్‌ని మామూలుగా సెటప్ చేసి తగిలిస్తే, అదే ఐడీ కాబట్టి ఆటోమేటిగ్గా బ్యాకప్ మొదలై జనవరిదాని మీద రాసేసే ప్రమాదం ఉంది. అందుకని ముందు ఆ 40 అక్షరాల ఫోల్డర్‌ని ఒక హార్డ్ డిస్క్‌లోకి కాపీ కొట్టండి. ప్రిఫరెన్సెస్‌లో బ్యాకప్ మీద రైట్ క్లిక్ చేస్తే షో ఇన్ ఎక్స్‌ప్లోరర్ అని వస్తుంది, అక్కడికే తీసుకెళ్తుంది. అదే పేజీలో ఆటోమేటిక్ సింక్ వద్దు అనే టిక్ కూడా ఉంటుంది, పెట్టెయ్యండి. ఆ తర్వాత హలో స్క్రీన్ మీద ఉండగానే కేబుల్ తగిలించి "రీస్టోర్ ఫ్రమ్ దిస్ బ్యాకప్" అని జనవరిది ఎంచుకోండి.

నిద్రపట్టదు

+1, ఇది పనిచేస్తుంది. మామూలు ఐక్లౌడ్ బ్యాకప్‌ది కూడా ఇదే కథ, కీచైన్ అదే డివైస్‌లోకి అయితేనే వస్తుంది. ఐక్లౌడ్ కీచైన్ అనేది వేరే సంగతి, అది బ్యాకప్ కాదు సింక్, రెండిటినీ ఒకటే అనుకుని చాలామంది మునుగుతారు.

కాకినాడ_గొట్టంకాజా

మధ్యలో దూరుతున్నా సారీ, నాది రివర్స్ కేసు. మాక్‌లో బ్యాకప్ ఉంది, ఎన్‌క్రిప్ట్ చేసే ఉంది, కానీ ఆ పాస్‌వర్డ్ మర్చిపోయా. 2020 లాక్‌డౌన్‌లో పెట్టింది. ఎన్నిసార్లు తప్పు కొట్టొచ్చు? లాక్ అయిపోతుందా?

నిద్రపట్టదు

ఎన్నిసార్లయినా కొట్టుకోండి, లాక్ అవ్వదు, కాకపోతే మెల్లగా ఉంటుంది. కావాలనే అలా పెట్టారు, ఐఓఎస్ (ఐఫోన్, ఐప్యాడ్‌ల సాఫ్ట్‌వేర్) 10.2 నుంచి మీరు ఒక్క పాస్‌వర్డ్ కొడితే లోపల కోటి సార్లు లెక్క తిప్పి గానీ అవునో కాదో చెప్పదు. 2016లో ఐఓఎస్ 10 వచ్చిన కొత్తలో ఆ చెకింగ్‌లో ఒక పొరపాటు దొర్లి, ఎల్కామ్‌సాఫ్ట్ అనే కంపెనీ వాళ్లు పాతదానికంటే దాదాపు 2,500 రెట్లు స్పీడుగా పాస్‌వర్డ్‌లు ప్రయత్నించొచ్చని కనిపెట్టారు, ఆ దెబ్బకి బిగించేశారు. కాబట్టి సాఫ్ట్‌వేర్‌తో గుడ్డిగా విరగ్గొట్టే ఆశ పెట్టుకోకండి.

మీది మాక్ కాబట్టి ఒక ఛాన్స్ ఉంది. పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు "రిమెంబర్ దిస్ పాస్‌వర్డ్ ఇన్ మై కీచైన్" అని అడుగుతుంది. కీచైన్ యాక్సెస్ తెరిచి "బ్యాకప్" అని వెతకండి, దొరికితే షో పాస్‌వర్డ్ కొట్టి మీ మాక్ పాస్‌వర్డ్ ఇవ్వండి. లేదంటే అప్పట్లో మీరు వాడిన వాటిని గుర్తు చేసుకోండి, ట్యాబ్ పాస్‌కోడ్, పాత ఆపిల్ ఐడీ పాస్‌వర్డ్, మాక్ లాగిన్ పాస్‌వర్డ్, ఎక్కువగా అందులోదే ఏదో ఒకటి అయ్యుంటుంది. డివైస్‌లో రీసెట్ ఆల్ సెట్టింగ్స్ కొడితే బ్యాకప్ పాస్‌వర్డ్ పోతుంది అని యూట్యూబ్‌లో చెప్తారు, నిజమే గానీ అది ఇక మీదట తీసే బ్యాకప్‌లకే, పాతది అలాగే లాక్‌లో ఉంటుంది.

కాకినాడ_గొట్టంకాజా

కీచైన్ యాక్సెస్‌లో ఉంది!!! మా కుక్క పేరు, చివర్లో 123. నాకు నేనే దండం పెట్టుకోవాలి.

పాలకొల్లు_కుర్రోడు

అప్‌డేట్. వచ్చాయి. మొత్తం వచ్చాయి.

బాబాయి బేరమాడి 5,000కి తెచ్చాడు, అంటే మా వస్తువు మేమే 3,000 ఎక్కువ ఇచ్చి కొనుక్కున్నాం, నాన్న ఇది మాత్రం లెక్కల నోట్సులో రాసి పెట్టుకున్నాడు. శుక్రవారం రాత్రి బస్సెక్కి వెళ్లా. ముందు తాళంచెవి గారు చెప్పినట్టు ఫోల్డర్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ కొట్టా, 38 జీబీ కానీ చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉన్నాయేమో చాలాసేపు పట్టింది. తర్వాత కేబుల్ తగిలిస్తే ఐట్యూన్స్ గుర్తుపట్టట్లేదు, గంటసేపు చెమటలు, తీరా చూస్తే కేబుల్ ఛార్జింగ్‌కి తప్ప దేనికీ పనికిరాని చవకరకం, నాన్న డబ్బాలోంచి ఒరిజినల్ తీసిస్తే అప్పుడు పట్టింది. రీస్టోర్ అయ్యాక సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్స్ తెరిచా, 71. ఆ సాఫ్ట్‌వేర్ చెప్పిన అంకే. వైఫై కూడా అడక్కుండా దానంతట అదే కనెక్ట్ అయిపోయింది, అది చూసే నాకు సగం ప్రాణం లేచొచ్చింది.

మెయిల్ పాస్‌వర్డ్ రెండు ఎంట్రీలు ఉన్నాయి, మొదటిది పాతది, తప్పంది, గుండె ఆగింది, రెండోది పనిచేసింది. లోపలికి వెళ్లగానే ముందు రికవరీ నంబరు మార్చి నాది కూడా ఇచ్చా. సెక్యూరిటీ ప్రశ్నకి జవాబు ఏం పెట్టాడో మాత్రం ఇప్పటికీ తెలీదు. నాన్న ఆ స్టూడెంట్ల ఉత్తరాలు తెరిచి కూర్చున్నాడు, రాత్రి భోజనానికి మూడుసార్లు పిలవాల్సొచ్చింది.

ఇప్పుడు ఈ 71ని కొత్తదాంట్లోకి ఎలా పంపాలి? ఒక్కొక్కటీ చేత్తో కొట్టాలా?

తాళంచెవి

శుభం. చేత్తో వద్దు. పాతదాంట్లో పాస్‌కోడ్ పెట్టి, ఐక్లౌడ్‌లో పాస్‌వర్డ్స్ అండ్ కీచైన్ ఒక్కటి ఆన్ చెయ్యండి, మిగతావన్నీ ఆఫ్‌లో ఉన్నా ఫర్వాలేదు. ఆపిల్ ఐడీకి టూ ఫ్యాక్టర్, అంటే పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగేది, ఉండాలి. కొత్తదాంట్లో కూడా ఆన్ చేస్తే పాతదాని పాస్‌కోడ్ అడగొచ్చు, అది జాగ్రత్తగా కొట్టండి, అక్కడ మాత్రం కాకినాడ వారి బ్యాకప్‌లాగా ఎన్నిసార్లయినా కుదరదు, పదిసార్లు తప్పితే సర్వర్లో ఉన్న రికార్డునే చెరిపేస్తారు. కాసేపట్లో అన్నీ అటు వెళ్లిపోతాయి. ఆ తర్వాత కొత్తదాన్ని లాప్‌టాప్‌లో ఈసారి టిక్ పెట్టి బ్యాకప్ తీయండి, పెట్టిన పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇంటి దస్తావేజులు ఉండే చోట పెట్టండి. పాత పేపర్ల దగ్గర కాదు.

బ్యాంకు యాప్‌లు కొన్ని మళ్లీ రిజిస్టర్ చేసుకోమంటాయి, కంగారు పడకండి, అవి ఈ డివైస్‌కి మాత్రమే అని గుర్తు పెట్టి దాచుకుంటాయి, టిక్ ఉన్నా లేకపోయినా వేరేదాంట్లోకి రావు.

హనుమకొండ_సోల్డర్

హోమ్ బటన్ పాతదే పెట్టిన్రా లేదా? వేలిముద్ర పనిచేస్తుందా?

పాలకొల్లు_కుర్రోడు

లేదన్నా, వేలిముద్ర పనిచెయ్యట్లేదు, వేరేదేదో పెట్టినట్టున్నారు. పాస్‌కోడ్‌తోనే వాడుతున్నాం. 71 వెళ్లిపోయాయి, ఇప్పుడే చూశా. పాతదాన్ని మళ్లీ అమ్మేద్దామా అంటే నాన్న ఒప్పుకోవట్లేదు, బీరువాలో పెట్టి తాళం వేశాడు.

సిద్దిపేట_చాయ్

నాది ఆండ్రాయిడ్ ట్యాబ్, గిట్లనే పగిలింది, గూగుల్ బ్యాకప్ ఉన్నది, పాస్‌వర్డ్‌లు అందులకెల్లి తీయొచ్చా?

నిద్రపట్టదు

మీది వేరే దారి, బ్యాకప్‌లో వెతక్కండి. క్రోమ్‌లో గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయ్యి సేవ్ చేసి ఉంటే అవి ట్యాబ్‌లో కాదు, గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఉంటాయి. ఏ కంప్యూటర్లో అయినా అదే అకౌంట్‌తో క్రోమ్ తెరిచి సెట్టింగ్స్‌లో చూడండి. అక్కడ లేవంటే ఆ ట్యాబ్‌లోనే ఉండిపోయినట్టు, అప్పుడు మీరు కూడా గ్లాసు మార్పించుకోవాల్సిందే, ఎక్స్‌చేంజ్‌లో మాత్రం ఇచ్చెయ్యకండి. ఆండ్రాయిడ్‌లో రీసెట్ కొట్టాక పాత ఐప్యాడ్‌లాగా వెనక్కి తెచ్చుకునే దారి ఉండదు.

సిద్దిపేట_చాయ్

చూసిన, క్రోమ్‌ల ఉన్నయి అన్నీ. వారం నుంచి పరేషాన్ అయితున్న దీనికోసం.